ఆమిన పొద్దు ఇంకా గుంకలేదు

ఆమిన విమానంలో వెళ్ళిన రోజున కంకిపాడులో అందరికీ వేళకే పొద్దు గుంకింది, నాకు మాత్రం చాలాసేపు గుంకలేదు. ఆ సంగతి చెబితే ఇప్పటికీ మా వీధిలో నవ్వుతారు. నవ్వనివ్వండి. నవ్వుతూనే పక్కన చేరి "మళ్ళీ చెప్పండి రావమ్మ పిన్నీ" అంటారు కూడా.

ఆమినాబీ వాళ్ళది మా వెనక వీధి. దూదేకులవాళ్ళు. వాళ్ళ మామగారు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన చేయి ఆగిపోయాక ఆ సూది ఆమిన పట్టుకుంది. కంకిపాడులో మా పిల్లల వయసు వాళ్ళ పెళ్ళిపరుపులన్నీ ఆమె కుట్టినవే. ఇప్పుడు వాళ్ళబ్బాయి ఇష్తియాక్ బెజవాడలో పరుపుల షాపు నడుపుతున్నాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమె మా ఆయన్ని "అన్నయ్యా" అని పిలిచింది. అంతే, నాకు ఆడపడుచైపోయింది. సొంత ఆడపడుచులు ఇద్దరున్నారు నాకు. వాళ్ళు కూడా నా మీద ఇంత పెత్తనం చెయ్యలేదు.

ప్రతి యేడూ రంజాను నెలలో ఒక రోజు నేను ఆమినతో పాటు ఒక్కపొద్దు ఉంటాను. ఆమె నెలంతా ఉంటుంది, నేను ఒక్క రోజే. ఏ రోజన్నది ఆమే చెబుతుంది. తెల్లవారకముందే వాళ్ళింట్లో సహరీకి నాలుగు ముద్దలు తింటాం. ఇక పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టం. సాయంత్రం మసీదు సైరన్ కూయగానే వాళ్ళ వరండాలో చాప మీద కూర్చుని, ఒక ఖర్జూరం చెరి సగం చేసుకుని విడుస్తాం. పళ్ళెం నిండా ఖర్జూరాలున్నా సరే, మొదటిది మాత్రం సగమే. గింజ ఒక యేడు ఆమె వంతు, ఒక యేడు నా వంతు.

దీనికి మొదలు మా అబ్బాయి కోటేశు. పూర్తి పేరు రామకోటేశ్వరరావు, కానీ ఆ పేరుతో వాణ్ణి బడిలో హాజరుకి తప్ప ఎవరూ పిలవలేదు. వాడికి మూడేళ్ళప్పుడు రంజాను మండుటెండల్లో వచ్చింది. ఒకనాటి పొద్దున వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా ఆయన ఎడ్ల బేరానికి హనుమాన్ జంక్షన్ వెళ్ళి ఉన్నారు. నేను ఏడుస్తూ వీధిలోకి వచ్చానో లేదో, ఆమిన సూది వదిలేసి వచ్చి పిల్లాణ్ణి భుజాన వేసుకుని బస్సు కోసం పరుగెత్తింది. వెనక నేను.

బెజవాడలో ఆసుపత్రి కిక్కిరిసి ఉంది. పిల్లాడికి సెలైన్ పెట్టారు, సీసా పట్టుకుని ఎవరో ఒకరు నిలబడాలి. ఆ సీసా పట్టుకుని ఆమిన నిలబడింది. ఒక చెయ్యి లాగితే ఇంకో చేతికి మార్చుకునేది. "ఇటివ్వవే, కాసేపు నేను పట్టుకుంటాను" అంటే, "నీ చేతులు ఒణుకుతున్నయ్యి ఒదినా, నువ్వు పిల్లోడి మొహం చూసుకో" అనేది. పక్క మంచం వాళ్ళు మజ్జిగ ఇస్తే చిరునవ్వుతో తల అడ్డంగా ఊపింది. పెదాలు ఎండి చీలికలయ్యాయి. కిటికీ ఊచల నీడ నేల మీద సాగి, గోడెక్కి, చెరిగిపోయింది. ఎక్కడో సైరన్ కూసింది. అప్పుడు ఆమిన కొంగు ముడి విప్పింది. ఒకటే ఖర్జూరం ఉంది. దాన్ని రెండుగా చీల్చి సగం నా నోటికందించింది.

"నాకెందుకే?" అన్నాను.

"పొద్దున్నించీ నువ్వు మాత్రం ఏం తిన్నావు? గుక్కెడు నీళ్ళన్నా తాగలా. నీదీ ఒక్కపొద్దే."

"నీకు ఆకలెయ్యలేదటే?" అని అడిగాను, ఆ సగం ముక్క నమలుతూ.

"కడుపు అడుగుతానే ఉంటది. మనం ఇయ్యం. పిల్లలు మారాం చేస్తే చూడనట్టు ఉంటాంగా, అట్టాగే."

కోటేశు బతికాడు. మరుసటి యేడు రంజాను రాగానే నేనే వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, "నా ఒక్కపొద్దు ఏ రోజో చెప్పు" అన్నాను. నలభై యేళ్ళకు వచ్చింది ఆ లెక్క. ఒక్క యేడూ తప్పలేదు. కోడలు పురిటికి వెళ్ళిన యేడూ తప్పలేదు, కరోనా యేడు వాళ్ళ పెరటి గోడకు అటొకరం ఇటొకరం కూర్చుని మరీ ఉన్నాం.

ఈ యేడు రంజానుకి ఇష్తియాక్ తల్లిని ఉమ్రా యాత్రకి తీసుకెళుతున్నాడని తెలిసింది. కూడా మనవరాలు అఫ్సా. గన్నవరంలో విమానం ఎక్కి హైదరాబాదు, అక్కడ మధ్యాహ్నం ఇంకో విమానం ఎక్కి జెద్దా. ఆమిన వచ్చి కబురు చెప్పింది, మొహమంతా వెలుగు. చెప్పి, వెంటనే, "మన ఒక్కపొద్దు ఆ రోజే" అంది.

"ప్రయాణం రోజునా? నీకేమన్నా పిచ్చా? ప్రయాణంలో ఉన్నోళ్ళకి మాఫీ అని నువ్వేగా చెప్పింది!"

"మాఫీ ఉందని వాడుకోవాలా? ఆ తర్వాత రోజుల్లో నేనక్కడా నువ్విక్కడా. ఆ రోజైతే తెల్లారి సహరీ కలిసి తింటాం. సాయంత్రం మన సైరన్ కూసినప్పుడు నువ్వు ఇంట్లో, నేను ఆకాశంలో. ఇద్దరం ఒకేసారి నోట్లో ఏసుకుందాం. నా గడియారం మన ఊరి టైములోనే ఉంచుకుంటా, మార్చను. మాట ఇస్తన్నా."

ఆకాశంలో ఒక్కపొద్దు విడవడం! నాకు ఒళ్ళు జల్లుమంది. సరేనన్నాను. మా ఇద్దరిలో ఒక్కరికీ ఇంకో ఆలోచన తట్టలేదు. కంకిపాడులో గుంకిన పొద్దు బెజవాడలోనూ గుంకుతుంది, బందరులోనూ గుంకుతుంది. మా తిరుగుడు ఎప్పుడూ అంతలోనే.

ఆ రోజు రానే వచ్చింది. చీకటితో వాళ్ళింట్లో సహరీ తిన్నాం. పెరుగన్నంలో మాగిన అరటిపండు పిసికి పెట్టింది ఆమిన, దాహం కాకుండా ఉంటుందని. పొద్దెక్కాక రెండు కార్లలో గన్నవరం బయలుదేరాం. దారి పొడుగునా మాగాణిలో మినుము పీకుతున్నారు. విమానాశ్రయం దగ్గర లోపలికి టిక్కెట్టున్నవాళ్ళనే పంపుతారట. గుమ్మం బయటే ఆగిపోయాం. ఆమిన చేతి సంచిలోంచి ఒక ఖర్జూరం తీసి చీల్చింది. ఈ యేడు గింజ నా వంతు. గింజ ఉన్న సగం నా చేతిలో పెట్టి, తన సగం జేబురుమాలులో మూటకట్టింది.

"జాగ్రత్తే" అన్నాను.

"నాకేం! కూర్చోబెట్టి తీసుకెళతారు. నువ్వే జాగ్రత్త. సైరన్ కూయగానే తిని బీపీ బిళ్ళ ఏసుకో. అన్నయ్యా, ఒదిన్ని చూసుకో, దానికి మొండెక్కువ."

"దాని మొండితనానికి గురువెవరో నాకు తెలుసులే చెల్లెమ్మా" అన్నారు మా ఆయన.

ఆమిన అఫ్సా భుజం పట్టుకుని, అద్దాల తలుపుల్లోకి నడిచింది. ఆ నడక చూస్తుంటే నలభై యేళ్ళ కింద పిల్లాణ్ణి ఎత్తుకుని బస్సు వైపు పరుగెత్తిన మనిషే కనిపించింది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు గానీ, తల దించని తీరు మాత్రం అదే.

ఇంటికొచ్చి మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను. లేచేసరికి మా మనవరాలు అక్షయ కాలేజీ నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని ఉంది, చేతిలో ఫోను.

"నానమ్మా, ఆమినా నానమ్మ విమానం చూస్తావా?"

"ఎక్కడా?" అని కిటికీ లోంచి పైకి చూశాను.

అక్షయ పకపకా నవ్వి ఫోను నా ముందు పెట్టింది. నీలం రంగు సముద్రం, దాని అంచున పసుప్పచ్చ విమానం బొమ్మ, గోరంత. కదులుతున్నట్టే లేదు. కానీ అక్షయ వేలుతో నొక్కితే దాని వేగం, ఎత్తు, అన్నీ వచ్చాయి.

"ఇందులో ఉందా ఆమిన?"

"ఇందులోనే. హైదరాబాదు నుంచి జెద్దాకి నాలుగు వేల కిలోమీటర్ల పైన. ఆరు గంటలు కూడా పట్టదు."

"నాలుగు వేలంటే ఎంత దూరమే?"

"మన ఇంటి దగ్గర్నుంచి బెజవాడకి రెండొందల సార్లు పోయినా ఇంకా మిగిలుద్ది."

మా అత్తగారు దూరాన్ని అన్నంతో చెప్పేది. బందరు కాలవ మీద పడవ ప్రయాణం రోజుల్లో ఆమె పుట్టింటికి వెళ్ళాలంటే "రెండు అన్నం మూటల దూరం" అనేది. తెల్లారి ఒక మూట, మాపటికి ఒక మూట. ఆమిన సహరీకి తిన్న పెరుగన్నం ఇంకా అరిగి ఉండదు, అప్పుడే సముద్రం మీద ఉంది. ఆ విమానం చేసిన చేతులకి దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. అక్షయ ఫోటో తీసింది.

కాసేపటికి విమానం బొమ్మ మాయమైంది.

"ఏవైందే? ఏదే?"

"ఏం కాలా నానమ్మా. సముద్రం మధ్యలో కాసేపు సిగ్నల్ అందదు. అవతలి ఒడ్డుకి రాగానే మళ్ళీ కనపడుద్ది."

వంటింట్లోకి వెళ్ళాను, పెరట్లోకి వెళ్ళాను, మళ్ళీ వచ్చి ఫోను చూశాను. లేదు. మా ఆయన పేపరు మడిచి, "ఆ బొమ్మ పోతే మనిషి పోయినట్టా? నువ్వట్టా తిరగబాక, నాకు కళ్ళు తిరుగుతున్నయ్యి" అన్నారు. సాయంత్రం చల్లబడేవేళకి బొమ్మ మళ్ళీ కనిపించింది. కింద ఇప్పుడు నీలం లేదు, ఇసుక రంగు. అవతలి ఒడ్డు దాటేసింది! సముద్రాన్నే దాటేసింది మా ఆమిన, కుర్చీలోంచి లేవకుండా.

సైరన్ వేళ దగ్గరపడింది. స్నానం చేసి, వరండాలో చాప వేసుకుని, ఖర్జూరం ముక్క పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన నీళ్ళ గ్లాసు. మా కోడలు బీపీ బిళ్ళ తెచ్చి గ్లాసు పక్కన పెట్టింది. అక్షయ ఫోను చూస్తూ చూస్తూ ఒక్కసారి "అయ్యో" అంది.

"ఏంటే?"

"నానమ్మా, ఇది చూడు. ఈ మ్యాపు మీద నల్లగా కమ్ముకొస్తోంది చూశావా, అది రాత్రి. దాని అంచు సరిగ్గా మన మీద ఉంది. ఆమినా నానమ్మ విమానం చూడు ఎక్కడుందో."

చూశాను. నల్లటి అంచు మా దేశం మీదుగా దిగుతోంది. విమానం దానికి చాలా దూరంలో, పడమటికి, పట్టపగటి వెలుగులో ఉంది.

"అంటే?"

"అంటే అక్కడ ఇంకా ఎండ. వాళ్ళు పడమటికి పోతున్నారుగా. పొద్దు కూడా అటే పోద్ది. అక్కడ గుంకేసరికి మనకి తొమ్మిదవుద్ది."

మా చిన్నప్పుడు శీతాకాలం సాయంత్రాలు వరికుప్ప పక్కన ఆడుకునేవాళ్ళం. కుప్ప నీడ మా మీదకి వచ్చేది, చలి పెట్టేది. ఎండ ఉన్న చోటికి జరిగేవాళ్ళం. నీడ మళ్ళీ వచ్చేది, మళ్ళీ జరిగేవాళ్ళం. ఎవరు గట్టిగా పరుగెత్తితే వాళ్ళకి ఎండ ఎక్కువసేపు. ఆమిన విమానం అలా పరుగెడుతోంది. అర్థమైంది నాకు.

అప్పుడే సైరన్ కూసింది.

చెయ్యి ఖర్జూరం దాకా వెళ్ళింది. ఆగిపోయింది.

"తినండి అత్తయ్యా" అంది కోడలు.

నేను తినలేదు. ఆమిన నాకు మాట ఇచ్చింది, సైరన్ వేళకి తింటానని. నాకిచ్చిన మాట ఆమె ఎప్పుడూ తప్పలేదు. కానీ కళ్ళెదురుగా పొద్దు ఉండగా నోట్లో మెతుకు వేసుకునే మనిషీ కాదు. ఇప్పుడు ఆ రెండూ ఆకాశంలో ఢీకొన్నాయి. నాకిచ్చిన మాట కోసం ఆమె తినేస్తే, ఇప్పుడు నేను తినకపోవడం ఆమె చేత ఒంటరిగా తినిపించినట్టు. పొద్దు కోసం ఆమె ఆగితే, ఇప్పుడు నేను తినడం తరువాత ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టినట్టు. నలభై యేళ్ళలో మేము ఒకరిని విడిచి ఒకరం తినలేదు. ఫోను చేద్దామా అంటే ఆమె ఫోనుకి అందని చోట ఉంది.

"ఆలోచించే వేళా ఇది?" అన్నారు మా ఆయన. "చెల్లెమ్మ గడియారం పెట్టుకుని కూర్చుంది. ఈపాటికి తినేసి, ఆళ్ళిచ్చిన కాఫీ తాగి గురక పెడతా ఉంటది. నువ్వు తిను."

"తినదు."

"నీకు చెప్పిందా?"

"చెప్పక్కర్లేదు." నా కళ్ళ ముందు ఆసుపత్రి కిటికీ ఊచల నీడ ఉంది. ఆ నీడ చెరిగేదాకా మజ్జిగ గ్లాసు వైపు చూడని మనిషి, కిటికీలో సూర్యుణ్ణి పెట్టుకుని ఎలా తింటుంది? "ఆమిన పొద్దు ఇంకా గుంకలేదు. నాదీ గుంకలేదు" అన్నాను.

కోడలు తలపట్టుకుంది. "అత్తయ్యా, బిళ్ళ ఏసుకోవాలి. మీరేమన్నా పడిపోతే మీ అబ్బాయి నన్నంటారు."

"పడితే చాప మీదేగా పడేది. నువ్వెళ్ళి పని చూసుకో."

"ఇదెక్కడి ఒక్కపొద్దు!" అన్నారు మా ఆయన. "నీ మతం కాదు, నీ ఊరు కాదు, ఆఖరికి నీ సూర్యుడు కూడా కాదు. అరువు సూర్యుడికి ఒక్కపొద్దు ఉండేదాన్ని నిన్నే చూశా. నేను మాత్రం తింటా."

తిన్నారు. వరండాలోనే, నా ఎదురుగా కుర్చీ వేసుకుని మరీ తిన్నారు. దోసకాయ పప్పు, ఊరమిరపకాయలు. ఆ మిరపకాయ కొరికిన చప్పుడు నా కడుపులో వినపడింది. కడుపు అడిగింది. నేను ఇవ్వలేదు.

చీకటి పడింది. వీధి దీపాలు వెలిగాయి. ఆమిన వాళ్ళ వీధిలో మసీదు నుంచి జనం నమాజు ముగించుకుని తిరిగి వస్తున్నారు. గొంతు ఎండిపోయి మింగడానికి తడి లేదు. చెవుల్లో సన్నగా ఈల మొదలైంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. ఈ మనిషి ఇలాంటివి నెలకు నెల ఎలా ఉందమ్మా! పరుపులు కుడుతూ, పిల్లల్ని పెంచుతూ, ఒక్కనాడు "అబ్బా" అనకుండా. యేడాదికి ఒక్క రోజుకే నేను గొప్పలు పోయేదాన్ని. అక్షయ చేతిలో ఫోను మీద ఆ గోరంత బొమ్మ ముందుకి పాకుతుంటే, వెనక నల్లటి అంచు తరుముతుంటే, విమానం కాదు ఆమినే పరుగెడుతున్నట్టు ఉంది. దాని కింద ఊరు లేదు, చెట్టు లేదు, అంతా ఎడారి.

"ఎందాకా వచ్చింది?" అన్నారు మా ఆయన, చెయ్యి కడుక్కొచ్చి.

"మీకెందుకు? మీ పొద్దు గుంకిందిగా."

"చెప్పవే, చెల్లెమ్మ కూడా ఉందిగా అందులో."

అక్కణ్ణుంచి ఆయనే అడగడం మొదలుపెట్టారు. నిమిషానికోసారి అక్షయ పక్కకి వచ్చి వంగడం, "దిగుతుందా?" అనడం. కళ్ళజోడు తెచ్చుకుని, ఆఖరికి ఫోను తన చేతిలోకే తీసుకున్నారు. "ఇదుగో, కిందకి దిగతంది, ఎత్తు తగ్గిస్తన్నాడు" అని గట్టిగా అరిచారు, తనే తోలుతున్నట్టు. విమానం సముద్రం ఒడ్డున ఉన్న ఊరి మీద ఒక చుట్టు తిరిగి ఆగింది. చీకటి అంచు ఇంకా దాన్ని అందుకోలేదు. వెనక, ఎడారి మీదే పాకుతోంది.

"గెలిచింది!" అన్నారు మా ఆయన.

మరి కాసేపటికి ఫోను మోగింది. అఫ్సా. అక్షయ స్పీకరులో పెట్టింది.

"రావమ్మ నానమ్మా! మేం దిగాం. ఇక్కడ ఇంకా ఎండే ఉంది!"

"మీ నానమ్మ ఏం చేస్తుందే? తిన్నదా?" అని అడిగాను.

"తినటమా? విమానంలో పెద్ద గొడవే అయింది. మన సైరన్ టైముకి రుమాలు విప్పింది. కిటికీలోంచి చూస్తే సూర్యుడు అంత ఎత్తున ఉన్నాడు. గడియారం చూసుద్ది, సూర్యుణ్ణి చూసుద్ది. నాన్న ఏమో, ప్రయాణంలో ఉన్నాం, మాఫీ ఉంది, తినమ్మా అంటాడు. విమానంలో పనిచేసే అమ్మాయి కూడా వచ్చి నీళ్ళిచ్చింది. నానమ్మ రుమాలు మళ్ళీ ముడేసేసింది. ముడేసి ఏడ్చింది."

"ఏడ్చిందా? ఎందుకే?"

ఫోను చేతులు మారింది. ఆమిన గొంతు వచ్చింది, ఎండిపోయి, కాగితం నలిపినట్టు.

"ఒదినా. నీకిచ్చిన మాట తప్పా. నువ్వు ఒక్కదానివే తిన్నావు కదా?"

మా ఆయన వంగి ఫోనులోకి అరిచారు. "అదా? అది తినటమా? ఇక్కడ మా ప్రాణాలు తింటంది! పళ్ళెంలో ముక్క పళ్ళెంలోనే ఉంది చెల్లెమ్మా!"

అవతల ఎవరో అరబ్బీలో ఏదో ప్రకటిస్తున్నారు, సామాన్ల బండ్ల చప్పుడు. ఆ తరువాత ఆమిన తిట్లు అందుకుంది.

"ఏందీ! తినలేదా? బీపీ బిళ్ళ? మతి ఉందా నీకు? ఎవరు ఉండమన్నారే నిన్ను? చీకటి పడి ఎంతసేపయింది అక్కడ! తాగు నీళ్ళు. ముందు నీళ్ళు తాగు. ఆడపడుచుని చెబుతున్నా, తాగు!"

"నువ్వు తాగావా?"

"నాకు ఇక్కడ పొద్దు ఉంది!"

"నాకూ ఉంది."

"నీకెక్కడుందే?"

"నీ దగ్గరే ఉంది. గుంకాక చెప్పు."

అఫ్సా నవ్వు వినిపించింది. ఆమిన కాసేపు గొణిగింది, తిట్టింది, చివరికి ముక్కు చీదింది. "నీ మొండితనం మండిపోను" అంది మెల్లిగా. ఆ గొంతులో నీళ్ళు నాకు తెలుసు.

ఫోను అలాగే ఉంచాం. అక్కడ విమానాశ్రయం లోపలే తివాచీలు పరిచి, వరసలుగా కూర్చోబెట్టి, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు అందరి ముందూ ఖర్జూరాలు, నీళ్ళ సీసాలు పెట్టుకుంటూ పోతున్నారట. అఫ్సా అన్నీ చెబుతోంది. ఆమిన ముందు ఒక గుప్పెడు పెట్టారట. ఆమె వాటిని పక్కకి జరిపి రుమాలు విప్పుకుని కూర్చుందట. అద్దంలోంచి సూర్యుడు ఎర్రగా, పెద్దగా ఉన్నాడట. తగ్గుతున్నాడట. ఇంకా అంచు కనిపిస్తోందట.

ఇక్కడ మా వరండాలో మా ఆయన, కోడలు, అక్షయ, పొలం నుంచి అప్పుడే వచ్చిన కోటేశు, అందరూ ఫోను చుట్టూ చేరారు. "ఏవైంది, ఎవరికేమైంది?" అని గేటులోంచే కంగారుగా అడిగిన కోటేశు, సంగతి విని చెప్పులు విప్పి చాప అంచున కూర్చున్నాడు.

అప్పుడు ఫోనులోంచి నమాజుకి పిలిచే బాంకు వినిపించింది. మా మసీదు బాంకు లాగే ఉంది, కాకపోతే చాలా పెద్ద చోట, ఎత్తు కప్పు కింద మోగుతున్నట్టు ఉంది.

"ఒదినా" అంది ఆమిన.

"ఆఁ."

"ఏసుకో."

ఖర్జూరం ముక్క నోట్లో వేసుకున్నాను. పొద్దున చీల్చిన ముక్క, ఎండి గట్టిపడింది. నోట్లో తడి లేక ముందు మెత్తబడలేదు. తరువాత తీపి ఊరింది. అవతల ఆమిన నములుతున్న చప్పుడు వినిపించింది. నీళ్ళ గ్లాసు కోటేశు అందించాడు. వాడి చెయ్యి నా చేతి కింద పెట్టి పట్టుకున్నాడు, నేను తాగేదాకా.

"గింజ ఏం చేశావు?" అంది ఆమిన కాసేపటికి.

"బుగ్గన పెట్టుకున్నా."

"మింగబాక. బిళ్ళ ఏసుకో."

"ఏసుకున్నాలే, ఆడపడుచా."

అక్షయకి ఏదో గుర్తొచ్చింది. "తాతయ్యా, వాళ్ళు తిరిగొచ్చేటప్పుడు తూర్పుకి వస్తారుగా, అప్పుడు చీకటి ఎదురొస్తది. పొద్దు తొందరగా గుంకుద్ది. రోజు చిన్నదైపోద్ది."

మా ఆయన నుదురు కొట్టుకున్నారు. "విన్నావా చెల్లెమ్మా? వచ్చేటప్పుడు ఉంటే సగం కష్టమేనట! ఇద్దరూ ఇద్దరే, ఏరి ఏరి పొడుగు రోజు పట్టుకున్నారు."

"అన్నయ్యా" అంది ఆమిన. గొంతు తడిసి మళ్ళీ మునుపటిలా గలగలమంది. "పొట్టి రోజుకైతే ఎవరన్నా తోడుంటారు. ఒదినకి అన్నం పెట్టించు, పప్పు వాసన ఇక్కడిదాకా వస్తంది."